సైలెన్సర్ సంగతి తర్వాత.. ముందు సీటు సంగతి చూడు బాస్!

కొత్త బండి షోరూమ్ నుంచి బయటికొచ్చిన నెలలోపు మనోళ్లు మొదట మార్చేది ఏంటి? సైలెన్సర్. తర్వాత ఎల్ఈడీ లైట్లు, ఫ్యాన్సీ అద్దాలు, ట్యాంక్ మీద స్టిక్కర్. ఇవన్నీ ఎవరికోసం అంటే, సిగ్నల్ దగ్గర పక్కన ఆగినవాడు ఒకసారి తిరిగి చూడాలని. మరి ఆ బండి మీద రోజుకి రెండు గంటలు కూర్చునే మన నడుము సంగతేంటి? మెడ సంగతేంటి? వాటికి మాత్రం ఇంటికెళ్లాక బామ్ రాసి పడుకోబెడతాం.

"కంఫర్ట్ గింఫర్ట్ అంటే అంకుల్స్ గోల" అనుకునేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క. గంటకి 60 కి.మీ. వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. గంటన్నర నడిపాక వేళ్లు మొద్దుబారి, బ్రేక్ లివర్ పట్టుకోవడానికి అర సెకను ఎక్కువ పట్టిందనుకోండి. బ్రేక్ మొదలయ్యేలోపే ఇంకో 8 మీటర్లు వెళ్లిపోయారు. అంటే రెండు కార్ల పొడవు. ముందున్న లారీ ఆగింది, మీరు ఆగలేదు. అందుకే హాయిగా కూర్చోవడం సోకు కాదు, అదీ బ్రేక్ లాంటిదే.

ఈ వారం కాలమ్ అంతా దీని మీదే. ఏం మార్చాలి, ఏది ముందు మార్చాలి, ఏది ముట్టుకోకూడదు.

మూడు చుక్కల లెక్క

బండి మీద మన ఒంటికి గట్టిగా తగిలేవి మూడే చోట్లు. సీటు, ఫుట్‌రెస్ట్, హ్యాండిల్. ఈ మూడింటినీ గీతలతో కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. మీ వీపు నిటారుగా ఉంటుందా, ముందుకి వంగుతుందా, మోకాలు ఎంత మడుస్తారు, మణికట్టు మీద ఎంత బరువు పడుతుంది.. అన్నీ ఈ త్రిభుజమే తేలుస్తుంది.

నమ్మకం లేకపోతే రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650 పక్కపక్కన పెట్టి చూడండి. 2018లో రెండూ కలిసే మన మార్కెట్‌లోకి వచ్చాయి. ఇంజిన్ ఒకటే, 648 సీసీ ట్విన్. కానీ ఒకదానికి వెడల్పాటి, ఎత్తైన హ్యాండిల్. ఇంకోదానికి కిందకి దించిన క్లిప్-ఆన్ హ్యాండిల్, వెనక్కి జరిపిన ఫుట్‌రెస్ట్. మొదటిదాని మీద కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. రెండోదాని మీద రేసుకి వెళ్తున్నట్టు ముందుకి వాలాలి. గుండెకాయ ఒకటే అయినా నడుముకి మాత్రం అవి రెండు వేరే బళ్లు.

కంపెనీ ఈ మూడు చుక్కల్నీ ఒక సగటు మనిషిని ఊహించుకుని పెడుతుంది. ఐదడుగుల రెండంగుళాల అమ్మాయికీ, ఆరడుగుల అబ్బాయికీ అదే సీటు, అదే హ్యాండిల్. షర్ట్ అయితే ఎస్, ఎం, ఎల్ అని సైజులు అడుగుతాం. బండికి ఆ ఆప్షన్ లేదు. అందుకని మిగిలిన పని మనమే చేసుకోవాలి.

ముందు పైసా ఖర్చు లేని పనులు

మాకు ఆఫీసులో ఒక రూల్ ఉంది. కోడ్‌లో బగ్ ఉంటే ఒక్కసారి ఒక్కటే మార్చాలి, రన్ చేసి చూడాలి, తర్వాతే రెండోది. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది కొత్త బగ్ తెచ్చిందో ఎవడికీ తెలీదు. బండికీ అదే రూల్. ఒక మార్పు, రెండు మూడు రోజులు అదే రూట్‌లో రైడ్, ఆ తర్వాతే ఇంకోటి.

మొదటిది గాలి. నవ్వకండి. బంకులో కుర్రాడు రెండు టైర్లకీ 40 కొట్టి పంపేస్తాడు. మన చాలా బళ్లకి ఒక్కరే వెళ్తే అంత అక్కర్లేదు. చెయిన్ కవర్ మీదో, స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది. ఒక్కరుంటే ఎంత, ఇద్దరుంటే ఎంత అని అందులోనే రాసి ఉంటుంది. గాలి మరీ ఎక్కువైతే టైరు రాయిలా మారి ప్రతి గుంతనీ మీ వెన్నుపూసకి అప్పగిస్తుంది. తక్కువైతే హ్యాండిల్ బరువెక్కుతుంది, టైరు వేడెక్కుతుంది.

రెండోది వెనక షాక్ అబ్జార్బర్. స్ప్రింగ్ కింద మెట్లు మెట్లుగా ఉండే రింగు చూశారా? చాలా కమ్యూటర్ బళ్లకి ఐదు మెట్లు ఉంటాయి. దాన్ని తిప్పితే స్ప్రింగ్ గట్టిపడుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి అది మీ బరువు పడ్డాక బండి ఎంత కిందకి దిగాలో సరిచేస్తుంది. 55 కిలోల మనిషి ఒక్కడే తిరుగుతూ ఐదో మెట్టులో పెట్టుకుంటే బండి ఎగరేస్తుంది. 90 కిలోల మనిషి వెనకాల ఇంకొకర్ని ఎక్కించుకుని ఒకటో మెట్టులో పోతే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ అడుగు తగులుతుంది. టూల్ కిట్‌లో స్పానర్ ఉంటే ఐదు నిమిషాల పని. రెండు షాకులు ఉంటే రెండూ ఒకే మెట్టులో ఉండాలి, అది మర్చిపోవద్దు.

మూడోది లివర్లు. సీటు మీద మామూలుగా కూర్చుని, కళ్లు మూసుకుని చేతులు హ్యాండిల్ మీద పెట్టండి. వేళ్లు లివర్ మీదకి చాపండి. మోచేతి నుంచి వేళ్ల కొస దాకా ఇంచుమించు ఒకే గీతలో ఉండాలి. మణికట్టు పైకి విరిగినట్టు ఉంటే లివర్ ఎత్తుగా ఉన్నట్టు. క్లాంప్ బోల్టు కాస్త వదులు చేసి కొద్దిగా తిప్పి మళ్లీ బిగిస్తే సరి. గేర్ లివర్ కూడా అంతే. షూ వేసుకుని నడిపేవాళ్లకీ చెప్పులతో నడిపేవాళ్లకీ ఒకే ఎత్తు సరిపోదు. మెకానిక్ ఒక్క పన్ను పైకో కిందకో జరిపి బిగిస్తాడు.

నాలుగోది బ్యాగు. ఇది మా ఐటీ జనాభాకి స్పెషల్. ల్యాప్‌టాప్, చార్జర్, టిఫిన్ బాక్స్, వాటర్ బాటిల్.. నాలుగైదు కిలోలు భుజాల మీద వేలాడదీసుకుని గచ్చిబౌలి నుంచి ఎల్బీనగర్ దాకా వెళ్తాం. ఇంటికెళ్లి "బండి వల్ల మెడ నొప్పి" అంటాం. బ్యాగు పట్టీలు వదులు చేసి దాని అడుగు వెనక సీటు మీద ఆనేలా పెట్టండి. బరువు సీటు మోస్తుంది, భుజాలు బతికిపోతాయి. ఇంకా మంచిది, సీటు మీదే కట్టేసే టెయిల్ బ్యాగు.

నొప్పి ఎక్కడో చెప్తే బగ్ ఎక్కడో చెప్తా

ఈ నాలుగూ అయ్యాక కూడా నొప్పి ఉంటే, అప్పుడు డబ్బు ఖర్చు పెట్టే ముందు నొప్పి ఎక్కడుందో చూడాలి.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతున్నాయా? మణికట్టు మధ్యలోంచి వెళ్లే నరం నలుగుతోంది. లివర్ కోణం, గ్రిప్పు మరీ బిగించి పట్టుకోవడం చూసుకోండి. ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరా? అరచేతి అంచు మీద ఒంటి బరువంతా మోపుతున్నారు. హ్యాండిల్ దూరంగానో, కిందగానో ఉంది.

మెడ కింద, భుజాల మధ్య లాగుతుంటే హ్యాండిల్ అందుకోవడానికి ఒళ్లు సాగదీస్తున్నారు. తోక ఎముక దగ్గర మంట అంటే సీటు మెత్తన అయిపోయి అడుగు తగులుతోంది. మోకాళ్లు పట్టేస్తుంటే సీటుకీ ఫుట్‌రెస్ట్‌కీ మధ్య దూరం మీ కాళ్లకి చాలట్లేదు.

ఒక్క మాట. బండి దిగి గంటలైనా తిమ్మిరి తగ్గకపోయినా, నడుము నొప్పి కాలిలోకి జారుతున్నా అది మెకానిక్ కేసు కాదు. డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

సీటు: మెత్తన అంటే మంచిది కాదు

సీటు షాపులో బొటనవేలితో నొక్కి "సూపర్ మెత్తగా ఉంది భయ్యా" అని కొనేస్తాం. సోఫా కొనే పద్ధతి అది. మనం కూర్చున్నప్పుడు బరువు పడేది పిరుదుల కింద ఉండే రెండు చిన్న ఎముకల మీద. మరీ మెత్తటి ఫోమ్ పది నిమిషాలు స్వర్గంలా ఉంటుంది. ఆ తర్వాత ఆ రెండు ఎముకలూ ఫోమ్‌ని దాటి కింద ప్లాస్టిక్ బేస్ మీదకి దిగిపోతాయి. నలభయ్యో నిమిషానికి అటూ ఇటూ జరగడం మొదలెడతాం.

మంచి సీటులో కింద గట్టి ఫోమ్, పైన పల్చగా మెత్తటి పొర ఉంటుంది. కుషన్ షాపుల్లో ముక్కల్ని అతికించి చేసిన గట్టి ఫోమ్ దొరుకుతుంది, రీబాండెడ్ అంటారు. అది అడుగున వేయించుకుంటే చాలాకాలం కుంగదు. హైదరాబాద్ పుత్లీబౌలిలో, విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని చేసేవాళ్లు వరసగా ఉంటారు. మీ ఊళ్లో ఆటో సీట్లు కుట్టే అతను కూడా చేసేస్తాడు. ఏం కావాలో మీకు స్పష్టంగా తెలియాలి, అంతే.

అతనికి రెండు విషయాలు చెప్పండి. ఒకటి, కూర్చునేచోటు సమతలంగా ఉండాలి. సీటు ముందుకి వాలితే ట్యాంక్ మీదకి జారుతూ ఉంటారు, ఆ బరువంతా మణికట్టు మీదకొస్తుంది. రెండు, కుట్టు సరిగ్గా కూర్చునేచోట రాకూడదు. వానాకాలంలో నీళ్లు లోపలికి దిగేది అక్కడే.

కాళ్లు నేలకి అందట్లేదని ఫోమ్ కోయించుకునేవాళ్లు ఆగండి. ఎత్తు కోయడానికి ముందు సీటు ముందుభాగం వెడల్పు తగ్గించమనండి. తొడలు దగ్గరగా వస్తే పాదం దానంతటదే ఇంకాస్త కిందకి అందుతుంది, కుషన్ కూడా పోదు. షాక్ లింకులు మార్చి బండినే కిందకి దించేస్తే వేరే తంటాలు. స్పీడ్ బ్రేకర్లు అడుగున గీకుతాయి. సైడ్ స్టాండు పొడవైపోయి బండి దాదాపు నిటారుగా నిలబడుతుంది, ఎవడైనా మోచెయ్యి తగిలిస్తే అటు పక్కకి పడిపోతుంది.

హ్యాండిల్: అంగుళమే, కానీ అక్కడే జాగ్రత్త

హ్యాండిల్ ఎత్తు పెంచడానికి రైజర్లు అని చిన్న అల్యూమినియం ముక్కలు దొరుకుతాయి. ఒక అంగుళం ఎత్తు, కాస్త వెనక్కి. వినడానికి చిన్నదే, భుజాలకి మాత్రం పెద్ద తేడా. అయితే కేబుళ్ల పొడవు కంపెనీ పాత హ్యాండిల్‌కి సరిపడా ఇచ్చింది. హ్యాండిల్ పైకి వెళ్తే అవి లాగుతాయి.

అందుకే రైజర్ వేశాక రోడ్డెక్కే ముందు ఒక టెస్ట్. మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేసి, హ్యాండిల్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పండి. తిప్పుతుంటే ఇంజిన్ శబ్దం పెరిగిందా? యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోంది. అలాగే వెళ్తే యూటర్న్‌లో బండి దానంతటదే దూకుతుంది. ముందు బ్రేక్ గొట్టం బిగుసుకుందా, క్లచ్ లివర్ బరువెక్కిందా, చేతులు ట్యాంక్‌కి తగులుతున్నాయా అదీ చూడండి. ఒక్కటి తేడా ఉన్నా రైజర్ తీసేయండి, లేదా పొడవాటి కేబుళ్లు వేయించండి. "అడ్జస్ట్ అయిపోద్దిలే భయ్యా" అనే మాటకి ఇక్కడ చోటు లేదు. రైజర్‌తో వచ్చే బోల్టులు తగినంత లోపలికి దిగుతున్నాయో లేదో మెకానిక్‌ని అడిగి మరీ చూడండి. చేతిలోకి హ్యాండిల్ ఊడొస్తే చేసేదేమీ ఉండదు.

వైబ్రేషన్, గాలి

6000 ఆర్‌పీఎం అంటే ఇంజిన్ సెకనుకి 100 సార్లు తిరుగుతోందని అర్థం. సింగిల్ సిలిండర్ బండి అయితే ఆ వణుకు హ్యాండిల్, ఫుట్‌రెస్ట్ మీదుగా మీ ఎముకల్లోకే వస్తుంది. హ్యాండిల్ చివర్లకి బార్ ఎండ్ వెయిట్లు వేస్తే ఆ వణుకు తీరు మారుతుంది, చేతులకి తెలిసేది తగ్గుతుంది. ఇంకో మందు ఫ్రీ. ప్రతి బండికీ వణుకు తక్కువగా ఉండే ఒక వేగం ఉంటుంది. అది కనిపెట్టి విజయవాడ హైవే మీద దాన్నే పట్టుకుని వెళ్లండి. ఇంటికి పది నిమిషాలు లేటుగా చేరతారు, చేతులు మాత్రం మీ చేతుల్లానే ఉంటాయి.

గాలి లెక్క ఇంకా కోపిష్టిది. వేగం పెరిగితే గాలి తోపు వేగానికి వర్గంలో పెరుగుతుంది. 60లో ఉన్న తోపుకి 100లో దాదాపు 2.8 రెట్లు. ఛాతీని గాలి వెనక్కి తోస్తుంటే హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నట్టే. చిన్న విండ్ స్క్రీన్ సాయం చేస్తుంది. కానీ పెద్దది మంచిదని లేదు. కొన్ని స్క్రీన్లు ఛాతీ మీద గాలి తప్పించి, ఆ సుడిగాలిని నేరుగా హెల్మెట్ మీదకి విసురుతాయి. తల ఊగిపోతుంటే తప్పు హెల్మెట్‌ది కాదు, స్క్రీన్ ఎత్తుది.

అమ్మ కూడా రైడరే

బండి రివ్యూల్లో వెనక సీటు గురించి ఒక లైను ఉంటుంది, అదీ చివర్లో. మా అమ్మ నా బండి ఎక్కడం మానేసింది. "నువ్వెళ్లు నాన్నా, నేను ఆటోలో వస్తా" అంటుంది. మొదట్లో వేగానికి భయం అనుకున్నాం. అడిగితే అసలు సంగతి చెప్పింది. "పట్టుకోడానికి ఏం లేదు, కాలు పెట్టడానికి జానెడు ముక్క. పక్కకి కూర్చుంటే జారిపోతున్నట్టుంటది."

ఒక గ్రాబ్ రైల్, ఎడమవైపు చీర కట్టుకున్నవాళ్లు పాదం ఆనించే వెడల్పాటి ఫుట్‌రెస్ట్, వెనక భాగంలో సమతలంగా కుట్టించిన సీటు. మూడే మార్పులు. మొన్న గుడికి బండి మీదే వచ్చింది.

లుక్ బాగోలేదని శారీ గార్డ్, గ్రాబ్ రైల్ పీకేసేవాళ్లు ఇది చదవండి. వెనక కూర్చున్నవాళ్లకి పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే చోటు, వెనక చక్రానికి సగానికి తగ్గకుండా రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ రూల్ చెప్తోంది. చీర కొంగో చున్నీయో చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో నేను వర్ణించక్కర్లేదు.

అసలు ఎవరికి అవసరం?

ఈ మార్పుల వీడియోలన్నీ లడఖ్ వెళ్లేవాళ్ల కోసమే. నిజంగా రోజంతా బండి మీద ఉండేది ఫుడ్ డెలివరీ చేసేవాళ్లు. మా పిన్ని కొడుకు అదే పని చేస్తాడు. రోజుకి పది గంటలు 110 సీసీ బండి మీద. రాత్రి పడుకునే ముందు ఒక నొప్పి మాత్ర. తిండి లాగే అదీ రోజూ.

"అన్నా, ఈ బండి అమ్మేసి ఇంకోటి తీసుకోమంటావా?" అని ఫోన్ చేశాడు.

"ఈఎంఐ మొదలెట్టకురా. ఆదివారం ఇంటికి రా, చూద్దాం."

స్టిక్కర్ మీద వెనక టైరుకి 33 అని ఉంటే గేజ్‌లో 44 చూపించింది. షాకులు ఒకటి రెండో మెట్టులో, ఒకటి నాలుగో మెట్టులో ఉన్నాయి. సీటు ఫోమ్ గిన్నెలా గుంట పడింది. అన్నిటికంటే పెద్దది, ఆ డెలివరీ బ్యాగు రోజంతా అతని భుజాల మీదే. గాలి, షాకులు ఆ పూటే సరిచేశాం. సీటు కింద గట్టి ఫోమ్ వేయించడానికి 700, బ్యాగు కట్టుకోవడానికి వెనక క్యారియర్‌కి 650. మొత్తం 1350 రూపాయలు. అతనికి అది చిన్న మొత్తం కాదు, అయినా కొత్త బండి మొదటి ఈఎంఐ కంటే తక్కువే.

రెండు నెలలైంది. మాత్ర వారానికి ఒకటికి వచ్చింది. పూర్తిగా పోలేదు. డాక్టర్‌కి చూపిస్తే వ్యాయామం చెప్పారు, గంటకోసారి దిగి రెండు నిమిషాలు నడవమన్నారు. "దిగి నడిస్తే ఆర్డర్ పోద్ది అన్నా" అంటాడు. దానికి నా టూల్ కిట్‌లో స్పానర్ లేదు. కానీ తిండి తెచ్చిన కుర్రాడు మీ గేటు దగ్గర నిమిషం నిలబడి నడుము విరుచుకుంటుంటే, లేటైందని రేటింగ్ మాత్రం కోయకండి.

ఆర్‌సీ జోలికి వెళ్లొద్దు

చివరిగా చట్టం. ఆర్‌సీలో నమోదైన వివరాలకీ, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం రూల్స్ ఒప్పుకోని మార్పు చేయించిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. సీటు ఫోమ్, గ్రిప్పులు, లివర్ కోణం లాంటివి ఒకెత్తు. ఇంజిన్, ఫ్రేమ్, సైలెన్సర్ ఇంకో ఎత్తు. హ్యాండిల్ మొత్తంగా మార్చాలనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ఒక మాట అడగండి. కొత్త బండి అయితే వారంటీ సంగతి సర్వీస్ సెంటర్‌లో రాయించుకోండి.

వరస మళ్లీ ఒకసారి: గాలి, షాకులు, లివర్లు, బ్యాగు. ఇవి ఫ్రీ. తర్వాత సీటు. తర్వాతే రైజర్, బార్ ఎండ్, స్క్రీన్. ఒక్కసారి ఒక్కటే.

ఈ ఆదివారం మ్యాచ్ మొదలయ్యేలోపు ఒక అరగంట దొరుకుతుంది కదా. ముందు ఆ గాలి స్టిక్కర్ మీద మట్టి తుడవండి. అక్కడేం రాసుందో చదవండి.